పదిహేడో రాయి

నడక పుస్తకం. మెట్ట జిల్లా తూర్పు హద్దు, పదకొండో రాయి మొదలు ఇరవై మూడో రాయి వరకు. నడిచే మనిషి నాంచారమ్మ, ఊరు నాగులమెరక. ఆఫీసుకు పంపే పుస్తకం వేరే ఉంది. అందులో రాళ్ళ సంగతులే ఉంటాయి. ఇది నా చేతిరాత పుస్తకం, ఇందులో నా ఇష్టం.

నడక 1131, సోమవారం

రాళ్ళు పదమూడూ ఉన్నచోటే ఉన్నాయి. పద్నాలుగో రాయి దీపం మసకబారితే కొంగుతో తుడిచాను. పంతొమ్మిదో రాయి కింద ఒక పీత బొరియ పెట్టింది. సగం బొరియ మెట్ట జిల్లాలో, సగం తీర జిల్లాలో. దాన్ని ఏ జిల్లా కింద రాసుకోవాలో నిబంధనల్లో లేదు. పీతకూ ఆ బెంగ ఉన్నట్టు లేదు.

బయల్దేరే ముందు సీతారావమ్మ పిన్ని ఎప్పటిలాగే తన గడప ముందు నన్ను నిలబెట్టి, కాళ్ళ మీద చెంబుడు పసుపునీళ్ళు పోసింది. ఊరి హద్దు నడిచే మనిషికి ఊరే కాళ్ళు కడిగి పంపాలని మా ఆచారం. కాళ్ళు కడగనిదే నడవకూడదు. ఇరవై రెండో ఏడు నడుస్తోంది, వాన పడుతున్నా పోసేది. పిన్నికి డెబ్బై దాటాయి. పొలిమేరమ్మ ఘటం ఎత్తేది ఆవిడే కాబట్టి ఊళ్ళో ఆవిడ మాటకు ఎదురు లేదు, నా మాటకు తప్ప.

"మట్టి చెంబులో మొన్న గింజలు చల్లాను. పైవారం వచ్చి కొలిచిపో," అంది.

నవధాన్యం మొలక జానెడు ఎదిగాక వచ్చే గురువారం మాకు ఊరు విడుపు. ఆ రోజు పొద్దున్నే ఊరంతా తలుపులకు తాళాలేసి, మేకనూ కోడినీ కూడా వెంటబెట్టుకుని, పదిహేడో రాయి దాటి తూర్పున ఉన్న ఇసుకదిబ్బకు వెళ్తాం. అమ్మవారి గద్దె అక్కడే. పొద్దుగూకేదాకా ఊళ్ళో పురుగు కూడా ఉండకూడదు. ఊరిని ఆ ఒక్కరోజు అమ్మవారికి వదిలేయాలి, తర్వాత ఆవిడ మనకు తిరిగి ఇస్తుంది. మొలక ఎంత ఎదిగిందో పిన్నికీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. ముందురోజు సాయంత్రం డప్పుతో చాటింపు వేసేదాకా బయటి చెవిన పడకూడదు.

మా తాతల కాలంలో ఆ దిబ్బా మేమూ ఒకే జిల్లా. తర్వాత జిల్లాల హద్దు గీత మధ్యలోకి వచ్చింది. అమ్మవారు మాత్రం జరగలేదు.

చీలమండకు ఆఫీసువాళ్ళు కట్టిన కాలిపూసలో బురద చేరి గుచ్చుకుంటుంటే ఇంటికొచ్చి పుల్లతో తీశాను.

నడక 1132, సోమవారం

సముద్రం లోపలికి రాకుండా కడుతున్న కరకట్ట తొమ్మిదో రాయి దాకా వచ్చేసిందట. పదకొండో రాయి దగ్గర నిలబడితే కట్టకు రాళ్ళు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఇంకో ఆరు నెలల్లో మా పక్కకు వస్తుంది. కట్ట ఎప్పుడూ గీత వెంటే నడుస్తుంది. గీతకు పడమర ఉన్నవాళ్ళు కట్ట లోపల, తూర్పున ఉన్నవాళ్ళు సముద్రంతో. తీర జిల్లా పేరుకే జిల్లా. అక్కడ ఊళ్ళను ఖాళీ చేయించి లారీల్లో ఎక్కించి ఎక్కడెక్కడికో పంపేస్తున్నారు. ఒక ఊరివాళ్ళను ఒకేచోట దించినట్టు ఇంతవరకు వినలేదు.

అందుకే మావాళ్ళకు పడమర మీద అంత ప్రేమ. ఏడాదిలో ఒక్కరోజు లెక్క రోజు. ఆ రోజు తెల్లారినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఎవరి కాళ్ళు ఎటు తిరిగాయో కాలిపూసలు చెబుతాయి. ఊళ్ళో ఎక్కువ కాళ్ళు ఏ జిల్లాలో తిరిగితే ఊరు ఆ జిల్లాది. ఎవరూ వేషాలు వేయకుండా లెక్క రోజు ఏదో ముందు చెప్పరు. పండగరోజుల్లో పెట్టకూడదని రూలు. మా ఊరు విడుపు ఏ క్యాలెండరులోనూ లేదు కాబట్టి అది పండగల జాబితాలో లేదు. పోయినేడు మెట్టకు మూడువందల ఎనభై తొమ్మిది, తీరానికి ఇరవై మూడు. ఆ ఇరవై మూడుగురూ వలలకు పోయినవాళ్ళు. వాళ్ళ పెళ్ళాలు వారం రోజులు వాళ్ళకు సరిగా కూర వండలేదు.

మధ్యాహ్నం శేషఫణి వచ్చాడు. ఇప్పుడు హద్దుల అధికారి. పంతొమ్మిదేళ్ళ కిందట నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చినప్పుడు గట్టు మీద నడవడం కూడా రాదు, రెండు అడుగులకోసారి చేలో పడేవాడు. ఆ ఏడాదంతా నా ఇంట్లోనే తిన్నాడు. నాకు తమ్ముడు లేని లోటు తీరిందని అందరికీ చెప్పుకునేదాన్ని. కారు ఊరి బయటే ఆపి నడిచి వచ్చాడు. అది నాకు నచ్చింది.

మామిడికాయ వేసి కొర్రమేను పులుసు పెట్టాను. మూడుసార్లు వడ్డించుకున్నాడు. చేయి కడుక్కుంటూ అడిగాడు.

"అక్కా, ఈ ఏడు ఊరు విడుపు ఎప్పుడు పడుతోంది?"

"బయటివాళ్ళకు చెప్పకూడదురా."

"నేను బయటివాణ్ణా? లెక్క రోజు ఎంచాల్సింది నేను. తెలియక ఆ రోజే పెట్టాననుకో, ఊరంతా దిబ్బ మీద ఉంటారు. ఒక్క కాలు కూడా మెట్టలో కనిపించదు. ఇన్నేళ్ళూ ఏదో అదృష్టం కొద్దీ తప్పిపోయింది. నువ్వు చెబితే ఆ రోజు తప్పించి పెడతాను."

ఆ భయం నాకు ఎన్నేళ్ళుగానో ఉంది. ఇరవై రెండేళ్ళుగా ప్రతి ఊరు విడుపు రోజూ పూస వంక చూసుకుంటూనే అన్నం తిన్నాను. పొద్దున పిన్ని ఇంట్లో మొలక కొలిచాను, నాలుగు వేళ్ళుంది. అంటే వచ్చేవారం గురువారం. చెప్పాను.

"సరే అక్కా. ఇక నువ్వు నిశ్చింతగా ఉండు," అన్నాడు. పోతూ పోతూ గిన్నెలో మిగిలిన ముక్క కూడా తినేసి పోయాడు.

నిశ్చింతగానే ఉన్నాను. చాలా ఏళ్ళ తర్వాత పగలు కాసేపు కునుకు తీశాను.

నడక 1133, సోమవారం

ఇంటికి అడ్డదారిన వస్తుంటే ఊరికి పడమటి చేలల్లో తెల్ల రంగు వేసిన గూటాలు కనిపించాయి. ఊరి చివరి ఇంటికి ఆరువందల అడుగుల దూరంలో, వరసగా, ఉత్తరం నుంచి దక్షిణానికి. నాకు తెలియకుండా నా హద్దులో గూటం పాతిన మగాడు ఎవడా అని ఒళ్ళు మండింది. ఫణికి ఫోను చేశాను.

"అవి తూములకు అక్కా. నీళ్ళు పోయే దారి చూసుకుంటున్నారు. కట్టవాళ్ళ పని, మనది కాదు," అన్నాడు.

తూములకు ఇన్ని గూటాలు దేనికి అని అడుగుదామనుకున్నాను. వెనక ఎవరో పిలుస్తున్నారని పెట్టేశాడు.

మొలక కొలవడానికి వెళ్తే పిన్ని చెంబు ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. జానెడుకు ఒక వెంట్రుక ఎక్కువే ఉంది. ఆవిడ ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"ఆ తెల్ల గూటాలు చూశావటే?"

"చూశాను పిన్నీ. తూములకంట."

"నా మనసేం బాలేదే. ఈ ఏడు ఆపేద్దామా? అమ్మకు సద్ది ఇక్కణ్ణుంచే చూపించి, తప్పయిందని చెంపలేసుకుంటాను. ఆవిడేం నన్ను కొరుక్కు తినదు."

పిన్ని నోట ఈ మాట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. ఘటం ఎత్తడం మొదలుపెట్టాక ఒక్క ఏడూ ఆవిడ తప్పించలేదు. కాన్పయిన పదకొండో రోజున కూడా ఎత్తింది.

"ఆపొద్దు పిన్నీ. లెక్క ఆ రోజు పడదు."

"నీకెట్టా తెలుసు?"

"ఫణి చూసుకుంటానన్నాడు."

మొలక ఎదిగిన సంగతి ఫణికి ఎలా తెలిసిందని పిన్ని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. అడిగి ఉంటే బావుండేది.

"ఆ అబ్బాయి సంగతి నాకు తెలీదమ్మాయ్. నువ్వు చెప్తన్నావా?"

"నేను చెప్తున్నాను పిన్నీ."

"అయితే సరే. బుధవారం డప్పు వేయిస్తాను."

గురువారం, నడక లేదు, ఊరు విడుపు

పొద్దున్నే తాళాలు వేశాం. మంచం మీద ఉన్న ఇద్దరు ముసలాళ్ళను తోపుడుబండి మీద తెచ్చారు. ఒకాయన దారి పొడుగునా బండి నెట్టేవాడికి నెట్టడం నేర్పుతూనే ఉన్నాడు. పిన్ని తల మీద ఘటం, నోట్లో వేపాకు, ముందు డప్పులు. పదిహేడో రాయి దగ్గర ఆవిడ ఎప్పటిలా ఆగి, రాయికి కూడా కాసిని పసుపునీళ్ళు పోసింది. అందరం దాటాం. నాలుగువందల పన్నెండుమందిమి. లెక్కపెట్టడం నా బుద్ధి కాబట్టి పెట్టాను.

దిబ్బ మీద పొయ్యిలు పెట్టి పులిహోరా బెల్లపన్నమూ వండుకున్నాం. గాలికి అన్నంలో ఇసుక పడింది, ప్రతి ఏడూ పడుతుంది, ప్రతి ఏడూ తిట్టుకుంటూ తింటాం. ఆడవాళ్ళు ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు, మగవాళ్ళు పేకాడారు. నేను పూస వంక ఒక్కసారి కూడా చూసుకోలేదు.

పొద్దు వాలుతుండగా పిన్ని హారతి వెలిగించింది. గంట కొట్టాం. ఇక ఘటం ఎత్తుకుని వెనక్కి రావడమే. అప్పుడు నా చీలమండ దగ్గర వెచ్చగా అనిపించింది.

లెక్క రోజు పొద్దుగూకగానే పూస ఒక్కసారి నీలంగా వెలుగుతుంది. లెక్క ముగిసిందని గుర్తు. నా పూస వెలిగింది. పక్కనున్న మనిషిది వెలిగింది. దిబ్బ మీద నాలుగువందల పన్నెండు కాళ్ళ దగ్గర ఒకేసారి నీలం వెలుగు వచ్చింది. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళకు అది అమ్మవారి మహిమలా కనిపించి ఉంటుంది.

డప్పులవాళ్ళు డప్పులు కింద పెట్టారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పి నా వంక చూశారు. నేను తీరంలో ఉన్నానని, నా కాలు కూడా ఆ లెక్కలో ఉందని అప్పుడు గుర్తొచ్చింది. పిన్ని నా వంక చూడలేదు. హారతి పళ్ళెం కింద పెట్టి, ఘటం ఎత్తుకుని ఊరివైపు నడిచింది. ఘటంలో నీళ్ళు ఒలికి ఆవిడ భుజం తడిసింది.

నడక 1134, సోమవారం

ఆఫీసు కాగితం వచ్చింది. నాగులమెరక: మెట్ట సున్న, తీరం నాలుగువందల పన్నెండు. కింద ఇంకో వాక్యం ఉంది: 'నివాసులు లెక్క రోజున స్వచ్ఛందంగా ఊరు ఖాళీ చేసినట్టు నమోదైంది.' అభ్యంతరాలు ఉంటే ఊరు ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లా ఆఫీసులో చెప్పుకోవాలట. పదిహేడో రాయిని తెల్ల గూటాల వరసలోకి జరపాలని నాకు ఉత్తర్వు. రాయి పాతిన నాటి నుంచి అరవై రోజుల్లో ఊరు ఖాళీ చేయాలి.

ఈ వారం రాళ్ళు నడిచి రాగానే అలాగే బస్సెక్కి ఫణి ఆఫీసుకు వెళ్ళాను. ఒక గంట బయట కూర్చోబెట్టాడు. ఇంతకుముందు ఎప్పుడూ అలా జరగలేదు.

లోపలికి వెళ్ళేసరికి లేచి నిలబడ్డాడు. "కూర్చోండి నాంచారమ్మగారూ," అన్నాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను మీరు అన్నాడు. అప్పుడే నాకు అంతా తెలిసిపోయింది. పొరపాటేమోనన్న ఆశ ఒకటి కడుపులో దాచుకుని అంతదూరం వచ్చాను, అది కుర్చీలో కూర్చోకముందే పోయింది.

"కావాలని పెట్టావా?"

గోడ మీది పటం వైపు చూశాడు. "కట్టకు దొరికిన రాయి తక్కువ. మీ ఊరిని చుట్టి తెస్తే ఇంకో ఆరు కిలోమీటర్లు. అప్పుడు పెదలంక దగ్గర రాయి చాలదు. పెదలంకలో తొమ్మిదివేలమంది ఉన్నారు. ఎవరో ఒకరు పోవాలి."

"ఆ మాట నాకు చెప్పాల్సింది. ఊరికి వచ్చి చెప్పాల్సింది."

"చెబితే ఒప్పుకునేవాళ్ళా?"

"తిట్టేవాళ్ళం. కొట్టేవాళ్ళమేమో కూడా. నీ కళ్ళలోకి చూసి కొట్టేవాళ్ళం. నువ్వు నా ఇంటికొచ్చి నా పులుసు తిని, మా అమ్మవారి రోజు అడుక్కుని పోయావు."

"మామూలు రోజు పెడితే మీ ఊరు మెట్టకే వస్తుందక్కా. గీత మార్చడానికి నాకు అధికారం లేదు. లెక్క ఒక్కటే మారుస్తుంది." ఈసారి అక్కా అన్నాడు, నోరు జారి అన్నాడో కావాలని అన్నాడో తెలియలేదు. "మీకు మాత్రం ఏ లోటూ రానివ్వను. మీరు మెట్ట ఉద్యోగి. పెదలంకలో క్వార్టరు రాయించాను." బల్ల మీద ఒక తాళంచెవి పెట్టాడు.

తడిగుడ్డతో గొంతు కోయడం అని వింటూ ఉంటాం. దానికి అంత మెత్తని గొంతు కావాలని నాకు తెలియదు. తాళంచెవి తీసుకున్నాను. అక్కడ వదిలేస్తే ఇంకొకరికి ఇచ్చి, నాకు మేలు చేసినట్టే పుస్తకంలో రాసుకుంటాడని తీసుకున్నాను. పెదలంకలో తొమ్మిదివేలమంది ఉన్నమాట నిజమే. ఆ నిజం పట్టుకునే ఈ రాత్రి నిద్ర రావడం లేదు. ఒకవేళ పటం నా ముందు పెట్టి అడిగితే నేనేం చెప్పేదాన్నో నాకూ తెలియదు. ఆ జవాబు నాకు నేను తెలుసుకునే వీలు కూడా లేకుండా చేశాడు.

నడక 1135, సోమవారం

రాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి. పద్నాలుగో రాయి దీపం మళ్ళీ మసకబారింది. తుడవలేదు.

అర్జీ రాసుకుని తీర జిల్లా ఆఫీసుకు పోయాను. ఊరు విడుపు రోజు అధికారికి చెప్పింది నేనేనని, పండగని తెలిసే ఆయన ఆ రోజును లెక్కకు ఎంచాడని, ఉన్నదున్నట్టు రాశాను. దాంతో నా ఉద్యోగం పోతుంది. పోనీ. నడిచి, రెండు పడవలు మారి, మళ్ళీ నడిచి చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆఫీసు ఉంది. కిటికీల అంచుల దాకా ఇసుక ఉంది. తలుపుకు తాళం, తాళానికి తుప్పు. బోర్డు మీద పనివేళలు చక్కగా రాసి ఉన్నాయి, పది నుంచి ఐదు, మధ్యలో భోజన విరామం.

అర్జీని తలుపు కింద సందులోంచి తోయబోయాను. ఇసుక అడ్డం వచ్చి లోపలికి పోలేదు. కాసేపు చేత్తో తవ్వాను. తర్వాత ఎవరి కోసం తవ్వుతున్నానని నాకే నవ్వొచ్చి, కాగితం మడిచి జాకెట్లో పెట్టుకుని వచ్చేశాను.

ఊళ్ళో నన్ను ఎవరూ ఏమీ అనడం లేదు. ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు. కొళాయి దగ్గర నా బిందెకు అడ్డం రాకుండా అందరూ జరుగుతున్నారు. వాళ్ళు నన్ను తిడితే బావుండునని ఇంత గట్టిగా ఎప్పుడూ కోరుకోలేదు.

నడక 1136, సోమవారం

రాయి జరపాల్సిన రోజు ఇదే. ఇంకా ఆలస్యం చేస్తే వేరే మనిషిని పంపుతామని నిన్న సాయంత్రం కబురు పెట్టారు. ఆ వేరే మనిషికి ఈ ఊళ్ళో ఎవరి పేరూ తెలియదు. ఎవరి చేలో రాయి దించుతాడో కూడా చూడడు. ఎలాగూ పాతక తప్పనప్పుడు నేనే పాతడం మేలని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. తోపుడుబండి, గడ్డపార, తాడు సర్దుకున్నాను.

ఎప్పటిలాగే పిన్ని గడప ముందుకు వెళ్ళి నిలబడ్డాను. కాళ్ళు ముందుకు పెట్టాను. ఇరవై రెండేళ్ళ అలవాటు, కాళ్ళకు ఏం జరిగిందో తెలియదు కదా. తలుపు తీసే ఉంది. పిన్ని లోపల చెంబు తోముతోంది. నా కాళ్ళ మీద పసుపునీళ్ళు పోసే చెంబే.

"పిన్నీ, నడకకు పోతున్నాను."

"వినపడింది."

చాలాసేపు తోమింది. తర్వాత చెంబు బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుని గడప దాకా వచ్చింది. బయటికి మాత్రం రాలేదు.

"ఇన్నేళ్ళూ మా హద్దుకు పోతన్నావని పోశాను. ఇయ్యాళ ఎవరి హద్దుకు పోతన్నావో వాళ్ళ చేత పోయించుకో."

"పిన్నీ, ఫణి నన్ను మోసం చేశాడు. నాకు మాటిచ్చి తప్పాడు."

"తప్పాడు. నీకు తప్పాడు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "మేం వాణ్ణి నమ్మలేదే నాంచారూ. నిన్ను నమ్మాం. ఆపుదామని నా నోటితో నేను అడిగాను. నువ్వు చెప్తన్నావా అని కూడా అడిగాను."

పద్దెనిమిది రోజులుగా ఫణి మీద పళ్ళు నూరుతున్నాను. నా ఇంట్లో కూర్చుని వాడు నన్ను ఎలా నమ్మించాడో, పిన్ని ఎదుట కూర్చుని నేను ఆవిడను అలాగే నమ్మించాను. వాడు తెలిసి చేశాడు, నేను తెలియక చేశాను. పిన్ని గడప దగ్గర నిలబడితే ఆ తేడా ఎంతో పెద్దగా కనిపించలేదు.

ఆవిడ తలుపు వేయలేదు. లోపలికి పోయి చెంబు గూట్లో పెట్టుకుంది.

బండి తోసుకుంటూ పదిహేడో రాయి దాకా వచ్చాను. గడ్డపార తీశాను. రాయి మీద పోయిన నెల పిన్ని పోసిన పసుపు మరక ఎండి ఇంకా ఉంది. నా కాళ్ళ వంక చూసుకున్నాను. దుమ్ము కొట్టుకుని, కాలి వేళ్ళు కూడా సరిగా కనపడడం లేదు.

రేపు ఆ వేరే మనిషి వస్తాడు. గడ్డపార ఇక్కడే ఉంటుంది, అతనికి పనికొస్తుంది. క్వార్టరు తాళంచెవి రాయి మీద పెట్టాను, అది కూడా అతనే తీసుకోవచ్చు. నేను గీతకు తూర్పున, దిబ్బ దారిలో కూర్చుని ఇది రాస్తున్నాను.

ఈ వారం నడక లేదు. కాళ్ళు కడగని మనిషి హద్దు నడవకూడదు. పదిహేడో రాయి ఈ రోజుకు ఉన్నచోటే ఉంది.